వడ్రంగులకు జామెట్రీ రాసిచ్చిన చిత్రకారుడు – ఆల్బ్రెక్ట్ డ్యూరర్



మన హాస్టల్లో ఆరో తరగతి తమ్ముళ్ళ నుంచి పదో తరగతి అన్నల వరకు అందరి ట్రంకుపెట్టెల్లోనూ ఒక జామెట్రీ బాక్సు ఉంటుంది. అందులో ఒక వృత్తలేఖిని ఉంటుంది. లెక్కల పరీక్ష వస్తే తప్ప దాన్ని బయటికి తీసేవాళ్ళు తక్కువ. కానీ ఒక వృత్తలేఖిని, ఒక స్కేలు ఉంటే చాలు, వడ్రంగి, తాపీమేస్త్రీ, కంసాలి, బొమ్మలు వేసేవాడు ఎంత పని చేసుకోవచ్చో చెబుతూ ఒక మహా చిత్రకారుడు ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆయన పేరు ఆల్బ్రెక్ట్ డ్యూరర్. జర్మనీ దేశస్థుడు.

రెండు చేతులు జోడించి ప్రార్థిస్తున్నట్టుండే బొమ్మను మీలో చాలామంది కాలెండర్ల మీద చూసే ఉంటారు. అది డ్యూరర్ 1508లో గీసిన బొమ్మే. అన్నని చదివించడానికి తమ్ముడు గనిలో పనిచేశాడని, ఆ చేతులు ఆ తమ్ముడివేనని ఒక కథ చెబుతుంటారు. ఆ కథకి ఆధారం ఏమీ లేదు. ఒక చర్చిలో పెట్టే పెద్ద చిత్రం కోసం ఆయన ముందుగా వేసుకున్న నమూనా అది. ఆ కథ కంటే ఆయన అసలు జీవితమే మనకి ఎక్కువ పనికొస్తుంది. అందుకే ఈ వ్యాసం.

పుట్టుక, ఇంటిపేరు

డ్యూరర్ 1471వ సంవత్సరం మే 21న నూరెంబర్గ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి కంసాలి. ఆయన హంగరీ దేశం నుంచి పని వెతుక్కుంటూ వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. వాళ్ళ సొంత ఊరి పేరుకి హంగరీ భాషలో తలుపు అని అర్థం వస్తుంది. జర్మనీకి వచ్చాక ఆ పేరునే జర్మన్ భాషలోకి మార్చుకుంటే డ్యూరర్ అయింది. మన తెలుగువాళ్ళలో ద్వారం అనే ఇంటిపేరు ఉంది కదా, అలాంటిదే. వాళ్ళ కుటుంబ చిహ్నంలో కూడా తెరిచి ఉన్న తలుపు ఉంటుంది.

తల్లి పేరు బార్బరా. ఆమెకి 18 మంది పిల్లలు పుట్టారు. పెద్దవాళ్ళయ్యే వరకు బతికింది ముగ్గురే. ఆ రోజుల్లో రోగాలు అలా ఉండేవి.

డ్యూరర్ కొంతకాలం బడికి వెళ్ళి చదవడం, రాయడం నేర్చుకున్నాడు. తరువాత తండ్రి తన దగ్గరే కంసాలి పనిలో పెట్టాడు. 13 ఏళ్ళ వయసులో, 1484లో, అద్దంలో చూసుకుంటూ తన బొమ్మ తానే గీసుకున్నాడు. వెండి మొనతో గీసిన ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది. వెండి మొనతో గీస్తే రబ్బరుతో చెరిపినట్టు చెరపడం కుదరదు. అంటే చెయ్యి ఎంత నమ్మకంగా ఉండాలో ఆలోచించండి!

కొడుకు మనసు బొమ్మల మీదే ఉందని తండ్రికి అర్థమైంది. ఇన్నాళ్ళు నేర్పిన కంసాలి పని వృథా అయిపోతుందే అని బాధపడ్డాడు. అయినా కొడుకు మాట కాదనలేదు. 1486లో మైఖేల్ వోల్గెముట్ అనే చిత్రకారుడి దగ్గర శిష్యుడిగా చేర్చాడు.

చెక్కతో స్నేహం

వోల్గెముట్ దగ్గర రంగుల పనితో పాటు చెక్క అచ్చుల పని కూడా జరిగేది. నున్నగా చిత్రిక పట్టిన చెక్క దిమ్మ మీద బొమ్మ గీస్తారు. గీతలు మాత్రం వదిలి మిగిలిన చెక్కనంతా సన్నని కత్తులతో, ఉలులతో తీసేస్తారు. మిగిలిన గీతలకి సిరా పూసి కాగితం అద్దితే బొమ్మ పడుతుంది. అయితే ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. అందుకని గీసేటప్పుడే తిరగేసి ఆలోచించాలి.

మూడేళ్ళు పని నేర్చుకున్నాక 1490లో దేశాటనకి బయలుదేరాడు. పని నేర్చిన కుర్రవాడు ఊరూరూ తిరిగి వేరే మేస్త్రీల దగ్గర పనిచేసి రావడం అక్కడి ఆచారం. నాలుగేళ్ళు తిరిగి 1494లో ఇంటికొచ్చాడు. అదే సంవత్సరం జులై 7న ఆగ్నెస్ అనే అమ్మాయితో పెళ్ళయింది. వాళ్ళకి పిల్లలు లేరు. ఆమె భర్త వేసిన అచ్చుబొమ్మల్ని సంతల్లో అమ్మి సంసారం నడపడంలో సాయపడింది.

1498లో బైబిల్లోని చివరి గ్రంథం మీద 15 పెద్ద చెక్క అచ్చుబొమ్మలతో పుస్తకం వేశాడు. దాంతో ఆయన పేరు యూరప్ అంతా తెలిసింది. అప్పటికి వయసు 27 ఏళ్ళే.

చెప్పని విద్య

ఇంత పేరొచ్చినా డ్యూరర్‌కి ఒక వెలితి ఉండేది. చెయ్యి బాగానే తిరుగుతోంది కానీ, ఒక బొమ్మ ఎందుకు కుదిరింది, ఇంకోటి ఎందుకు కుదరలేదు అనేదానికి లెక్క తెలియలేదు. ఆ రోజుల్లో వెనిస్ నుంచి వచ్చిన యాకోపో అనే చిత్రకారుడు, కొలతల ప్రకారం తయారుచేసిన స్త్రీ పురుషుల బొమ్మలు ఆయనకి చూపించాడు. ఆ కొలతలు ఎలా వచ్చాయని డ్యూరర్ అడిగాడు. యాకోపో సరిగ్గా చెప్పలేదు. ఈ విషయం డ్యూరర్ మనసులో గట్టిగా నాటుకుపోయింది. ఎన్నో ఏళ్ళ తరువాత కూడా దాన్ని గుర్తుచేసుకుని రాసుకున్నాడు.

అప్పట్లో విద్య రెండు చోట్ల ఉండేది. ఒకటి పనివాళ్ళ చేతుల్లో. వడ్రంగులకు, రాళ్ళు చెక్కేవాళ్ళకు ఎన్నో కిటుకులు తెలుసు. అవి ఎక్కువగా నోటిమాటగా గురువు నుంచి శిష్యుడికి పోయేవి. బయటివాళ్ళకి చెప్పేవాళ్ళు కాదు. పైగా అది ఎందుకు అలా అవుతుందో చాలామందికి తెలియదు. రెండోది పండితుల పుస్తకాల్లో. అవి లాటిన్ భాషలో ఉండేవి. పనివాడికి ఆ భాష రాదు. పండితుడికి రంపం పట్టుకోవడం రాదు. ఇద్దరి మధ్యా గోడ ఉండేది.

డ్యూరర్ ఆ గోడ దాటాలనుకున్నాడు. 1505లో వెనిస్ వెళ్ళి 1507 వరకు అక్కడే ఉన్నాడు. దూరపు వస్తువుల్ని సరిగ్గా గీసే లెక్క నేర్చుకోవడానికి గుర్రమెక్కి బొలోనా పట్టణానికి వెళ్తానని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. 1507లో ఒక డ్యూకాట్ బంగారు నాణెం ఇచ్చి యూక్లిడ్ జామెట్రీ పుస్తకం కొన్నాడు. అది లాటిన్ పుస్తకం. ఆయనకి ఆ భాష అంతంతమాత్రమే. పిర్క్‌హైమర్ అనే పండిత స్నేహితుడి సాయం తీసుకుని, ఒక్కో విషయం గీసి చూసుకుంటూ నేర్చుకున్నాడు. అప్పటికే పేరుమోసిన చిత్రకారుడు, 36 ఏళ్ళ వయసులో మళ్ళీ విద్యార్థి అయ్యాడు!

కోణాన్ని సగం చేయడం ఎందుకు?

ఇక్కడ కొంచెం ఆగి వడ్రంగి పని సంగతి చూద్దాం. అప్పుడే డ్యూరర్ చేసిన పని విలువ తెలుస్తుంది.

ఒక పటానికి ఫ్రేము కట్టాలి. మూలలో రెండు చెక్కలు కలుస్తాయి. అక్కడ కోణం 90 డిగ్రీలు. అతుకు అందంగా రావాలంటే రెండు చెక్కల్నీ సరిగ్గా సగం కోణంలో, అంటే 45 డిగ్రీల్లో కోయాలి. ఆరు మూలల పెట్టె అయితే మూల 120 డిగ్రీలు, కోత 60 డిగ్రీలు. కోత ఒక్క డిగ్రీ తప్పినా ఏమవుతుంది? నాలుగు మూలల ఫ్రేములో ఎనిమిది కోతలు ఉంటాయి. ఒక్కో కోత 45కి బదులు 44 డిగ్రీలు వస్తే, ఏడు కోతల వరకు తెలియదు గానీ, చివరి మూల దగ్గర మొత్తం 8 డిగ్రీల సందు నోరు తెరుచుకుని కనిపిస్తుంది.

గోడ మూల సరిగ్గా 90 డిగ్రీలు లేకపోతే ఇంకా కష్టం. అది 93 ఉందో 97 ఉందో మనకి తెలియదు. కోణమానినితో కొలిచి, రెండుతో భాగించి, మళ్ళీ కొలిచి గీస్తే ప్రతిసారీ కొంత తప్పు చేరుతుంది. వృత్తలేఖిని గొప్పతనం ఇక్కడే ఉంది. కోణం ఎన్ని డిగ్రీలో తెలియకపోయినా దాన్ని సగం చేయవచ్చు. మనం తొమ్మిదో తరగతి లోపలే నేర్చుకున్న పద్ధతే ఇది.

మొదటి పద్ధతి: కోణం మూల మీద వృత్తలేఖిని ముల్లు పెట్టి రెండు భుజాల్నీ కోసేలా ఒక చాపం గీయాలి. అది కోసిన రెండు చోట్ల నుంచి ఒకే కొలతతో లోపలివైపు రెండు చాపాలు గీయాలి. అవి కలిసిన చోటుని మూలతో కలిపితే అదే సగం గీత. ఎందుకంటే రెండు పక్కలా ఏర్పడిన త్రిభుజాల్లో మూడేసి భుజాలూ సమానం. కాబట్టి కోణాలూ సమానం.

రెండో పద్ధతి: వృత్తలేఖిని లేకపోయినా ఫరవాలేదు. చివరి నుంచి చివరి వరకు ఒకే వెడల్పు ఉన్న చెక్క బద్ద తీసుకోండి. దాని ఒక అంచుని కోణం ఒక భుజానికి ఆనించి, లోపలివైపు అంచు వెంట గీత గీయండి. రెండో భుజానికి కూడా అలాగే చేయండి. రెండు గీతలూ కలిసిన చోటుని మూలతో కలపండి. అయిపోయింది. రెండు భుజాలకీ ఒకే దూరంలో ఉన్న బిందువు సగం గీత మీదే ఉంటుంది కదా.

మూడో పద్ధతి: దారంతో. మూల నుంచి రెండు భుజాల మీదా ఒకే పొడవు గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దారం లాగి పట్టి, దాన్ని సగానికి మడిచి మధ్య చోటు గుర్తించండి. ఆ చోటుని మూలతో కలిపితే సగం.

ఒక జాగ్రత్త. కలిపే చెక్కలు రెండూ ఒకే వెడల్పు ఉంటేనే కోత సగం కోణంలో ఉంటుంది. ఒకటి వెడల్పు, ఒకటి సన్నం అయితే ఒకదాని మీద ఒకటి పరిచి, బయటి మూల, లోపలి మూల గుర్తుపెట్టి, ఆ రెండింటినీ కలిపే గీత మీద కోయాలి. అది సగం గీత కాదు.

1525 నాటి పుస్తకం

ఇలాంటి విద్యనంతా పోగుచేసి డ్యూరర్ 1525లో ఒక పుస్తకం అచ్చువేశాడు. వృత్తలేఖినితో, కొలబద్దతో కొలవడం నేర్పే పుస్తకం అని దాని పేరుకి అర్థం. చదువురాని వాళ్ళకీ తెలిసే విధంగా నిండా బొమ్మలు పెట్టాడు. చిత్రకారులకే కాదు, కంసాలులకు, శిల్పులకు, తాపీవాళ్ళకు, వడ్రంగులకు కూడా ఇది పనికిరావాలని ముందుమాటలో రాశాడు. మన కుర్రవాళ్ళకి చేతి నైపుణ్యం ఉంది గానీ కొలత విద్య నేర్పేవాళ్ళు లేక తప్పులు చేస్తున్నారని ఆయన బాధ. అంతకుముందు రోరిట్సర్ అనే రాతిపని మేస్త్రీ చిన్న చిన్న పుస్తకాలు వేశాడు. కానీ ఇంత పెద్ద ఎత్తున ఎవరూ రాయలేదు.

అన్నిటికంటే ముఖ్యం, దాన్ని లాటిన్‌లో కాకుండా తన సొంత జర్మన్ భాషలో రాశాడు. అప్పటికి జర్మన్‌లో జామెట్రీకి చాలా మాటలు లేవు. ఆయన వాటిని పనివాళ్ళ మాటల నుంచి, ఇంటి మాటల నుంచి పుట్టించాడు. ఒక వంపుకి గుడ్డు గీత అని, ఇంకో వంపుకి గవ్వ గీత అని, మరోదానికి సాలీడు గీత అని పేర్లు పెట్టాడు. మన అమ్మానాన్నలు ఇంట్లో మాట్లాడే భాషలో లెక్కలు ఉండవని మనం అనుకుంటాం. ఆ భాషలో బాణానికి, వెదురు బుట్టకి, నాగలికి ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టామా?

ఆ పుస్తకంలో కోణాన్ని సగం చేస్తూ పోతే నాలుగు మూలలు ఎనిమిది అవుతాయి, ఎనిమిది పదహారు అవుతాయి. ఏడు మూలల బొమ్మకి ఒక సులువు చెప్పాడు. వృత్తం లోపల గీసిన సమబాహు త్రిభుజం భుజంలో సగం తీసుకోమన్నాడు. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ఇలా చేస్తే 8.66 సెంటీమీటర్లు వస్తుంది. నిజంగా రావాల్సింది దాదాపు 8.68. వడ్రంగి పెన్సిలు గీత మందం కంటే తక్కువ తేడా!

ఇక్కడే ఆయన నిజాయితీ చూడాలి. పదకొండు, పదమూడు మూలల బొమ్మల దగ్గర, ఇది చేతిపనికి సరిపోతుంది గానీ రుజువు ఉన్న పద్ధతి కాదని చెప్పేశాడు. పనికి సరిపోయేది వేరు, కచ్చితమైనది వేరు అని పనివాళ్ళకి తెలియజెప్పాడు.

కోణాన్ని సగం చేయడం కచ్చితంగా వస్తుంది. మరి మూడు సమభాగాలు చేయగలమా? రెండు వేల ఏళ్ళుగా పెద్ద పెద్దవాళ్ళు ప్రయత్నించారు. డ్యూరర్ ఒక దగ్గరి దారి చూపించాడు. పై తరగతి వాళ్ళు చేసి చూడండి. కోణం మూల ఓ. చాపం గీస్తే భుజాల్ని క, చ దగ్గర కోసింది. కచ గీతని మూడు సమభాగాలు చేసి, క పక్కనున్న మొదటి భాగం చివర ట అనుకోండి. ట నుంచి నిలువుగా లేపిన గీత చాపాన్ని త దగ్గర తాకుతుంది. క మీద ముల్లు పెట్టి కత దూరంతో చాపం తిప్పితే అది కచ గీతని ప దగ్గర కోస్తుంది. ట, పల మధ్య ముక్కని మళ్ళీ మూడు చేసి, పకి దగ్గరగా ఉన్న గుర్తుకి మ అని పేరు పెట్టండి. క నుంచి కమ దూరంతో పెద్ద చాపం మీద గుర్తు పెట్టి, దాన్ని ఓతో కలపండి. అదే మూడో వంతు. 60 డిగ్రీల కోణం తీసుకుంటే తప్పు ఎంతో తెలుసా? ఒక డిగ్రీని 3600 ముక్కలు చేస్తే అందులో దాదాపు ఒక ముక్క. వృత్తలేఖిని, గీతలు లేని కొలబద్ద రెండింటితోనే ప్రతి కోణాన్నీ కచ్చితంగా మూడు చేయడం అసాధ్యమని 1837లో ఫ్రాన్స్ దేశపు వాంట్జెల్ రుజువు చేశాడు. కాబట్టి డ్యూరర్ దగ్గరి దారి తొక్కడం తెలివైన పనే.

పెట్టెల్ని, బహుముఖ ఘనాల్ని విప్పి కాగితం మీద పరిచినట్టు గీయడం కూడా ఈ పుస్తకంలో ఉంది. మనం అట్టతో ఘనం చేయడానికి గీసుకునే వల పటం అదే.

ఆయన తప్పులు

డ్యూరర్ తప్పులు చేయలేదా అంటే, చేశాడు. శంకువుని ఏటవాలుగా కోస్తే వచ్చే దీర్ఘవృత్తం ఒక చివర సన్నగా, ఒక చివర లావుగా గుడ్డులా ఉంటుందనుకున్నాడు. నిజానికి రెండు చివరలూ ఒకేలా ఉంటాయి. వృత్తలేఖిని కొలత మార్చకుండా ఐదు మూలల బొమ్మ గీసే పాత పద్ధతిని కూడా తన పుస్తకంలో ఇచ్చాడు. అందులో భుజాలు సమానంగా వస్తాయి గానీ కోణాలు సరిగ్గా 108 డిగ్రీలు రావు.

మన దేశానికి సంబంధించిన తప్పు కూడా ఒకటుంది. గుజరాత్ సుల్తాను ఇచ్చిన ఖడ్గమృగం ఒకటి ఓడ మీద ప్రయాణం చేసి 1515లో పోర్చుగల్ చేరింది. డ్యూరర్ దాన్ని కళ్ళారా చూడలేదు. ఎవరో రాసిన వివరం, వేసిన నమూనా చూసి చెక్క అచ్చు బొమ్మ తయారుచేశాడు. ఇనుప కవచం తొడిగినట్టు ఒళ్ళు, వీపు మీద లేని చిన్న కొమ్ము పెట్టాడు. ఆ బొమ్మ ఎంత బాగుందంటే, యూరప్ వాళ్ళు రెండు వందల ఏళ్ళకి పైగా ఖడ్గమృగం అలాగే ఉంటుందని నమ్మారు. బొమ్మ అందంగా ఉన్నంత మాత్రాన నిజం కాదన్నమాట.

ఉలి, చిత్రిక, రంపం

1514లో తల్లి చనిపోయింది. ఆ సంవత్సరమే ఆయన రాగిరేకు మీద ఒక గొప్ప బొమ్మ చెక్కాడు. రెక్కలున్న ఒక స్త్రీ దిగులుగా కూర్చుని ఉంటుంది. ఆమె చేతిలో వృత్తలేఖిని ఉంది. కాళ్ళ దగ్గర రంపం, చిత్రిక, కొలబద్ద, మేకులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. పనిముట్లన్నీ ఉన్నా పని ముందుకు సాగని మనిషి దిగులు అది. గోడ మీద పదహారు గళ్ళ మాయాచదరం ఉంది. ఎటు కూడినా 34. కింది వరసలో 4, 15, 14, 1 అని ఉంటుంది. మధ్య రెండూ కలిపితే 1514!

చివరి రోజులు

1520లో నెదర్లాండ్స్ ప్రయాణం చేశాడు. సముద్రం ఒడ్డుకి తిమింగలం కొట్టుకొచ్చిందని విని చూడ్డానికి వెళ్ళాడు. చేరేసరికి అలలు దాన్ని తీసుకుపోయాయి. ఆ ప్రయాణంలో పట్టుకున్న జ్వరం ఆయన్ని పూర్తిగా వదల్లేదు. ఆ ఒంటితోనే కొలతల పుస్తకం రాశాడు. 1527లో కోటల నిర్మాణం మీద ఇంకో పుస్తకం వేశాడు. 1528 ఏప్రిల్ 6న, 56 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. మనిషి శరీరం కొలతల మీద రాసిన పుస్తకం అప్పటికి అచ్చుపని పూర్తికాలేదు. భార్య ఆగ్నెస్ ఆ సంవత్సరమే దాన్ని బయటికి తెచ్చింది.

1532లో ఒక చిత్రమైన సంగతి జరిగింది. పనివాళ్ళ కోసం జర్మన్‌లో రాసిన ఆ వృత్తలేఖిని పుస్తకాన్ని, పండితులు చదువుకోవడానికి లాటిన్‌లోకి మార్చి పారిస్‌లో అచ్చువేశారు. ఎప్పుడూ పండితుల పుస్తకమే పనివాళ్ళ దగ్గరికి రావాలి కదా. ఈసారి పనివాళ్ళ పుస్తకం పండితుల దగ్గరికి వెళ్ళింది!

మనం నేర్చుకోవాల్సింది

ఒకప్పుడు తనకి ఒకరు విద్య చెప్పలేదు. అయినా డ్యూరర్ తాను కష్టపడి నేర్చుకున్నది దాచుకోలేదు. అందరికీ అర్థమయ్యే భాషలో రాసిపెట్టాడు. ఏది కచ్చితం, ఏది పనికి సరిపోయేది మాత్రమే అనేది కూడా చెప్పాడు. మనలో ఒకరికి లెక్క వస్తుంది, ఒకరికి రంపం కోత వస్తుంది, ఒకరికి బుట్ట అల్లడం వస్తుంది. వచ్చినవాడు పక్క మంచం వాడికి చెబితే ఇద్దరికీ వస్తుంది.

చేసి చూడండి: గది తలుపు సగం తెరిచి, గడపకీ తలుపుకీ మధ్య ఉన్న కోణాన్ని నేల మీద సుద్దముక్కతో గీయండి. కొలవకుండా, ఒకే వెడల్పు బద్దతో ఒకసారి, దారంతో ఒకసారి సగం చేయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే మీ చెయ్యి సరైన దారిలో ఉన్నట్టే. పని అయ్యాక సుద్ద గీతలు తుడిచేయడం మరిచిపోకండి, లేకపోతే వార్డెన్ సారు మన కోణాలు కొలుస్తారు!